భోజనాల పద్మనాభం, గోల్ఫ్ కప్పు

ప్లేనో ఊరి తెలుగువాళ్లలో పద్మనాభం ఇంటిపేరు ఎవరికీ తెలియదు. చాలామంది ఫోన్లలో ఆయన 'పద్మనాభం ఫుడ్' అనే పేరుతో ఉన్నాడు. ప్లంబర్ నంబరు దాచుకున్నట్టే ఆయన నంబరూ దాచుకున్నారు. మిత్రమండలి అనే తెలుగు సంఘం ఉగాదికి ఎన్ని ట్రేల పులిహోర చెప్పాలి, పిల్లలకు కారం లేని పనీర్ ఎక్కడ దొరుకుతుంది, పక్క ఊరు ఇర్వింగ్‌లో ఏ హోటలువాడు చెప్పిన టైముకు తెస్తాడు, ఇవన్నీ ఆయన్నే అడగాలి. ఇంకే విషయమూ ఆయన్ను అడగరు.

ఈ భోజనాల ఉద్యోగం ఆయనకు ఎలా దొరికిందంటే, అబద్ధం చెప్పడం చేతకాక దొరికింది. నరసరావుపేట నుంచి వచ్చిన కొత్తలో ఆయన న్యూజెర్సీలో ఒక కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్‌లో ఉండేవాడు. వాళ్లు ఆయన రెజ్యూమేలో ఏడేళ్ల అనుభవం వండి పెట్టారు. ఫోన్ ఇంటర్వ్యూలో అవతలి మనిషి ఆ ఏడేళ్ల సంగతి అడిగేసరికి పద్మనాభం కాసేపు నీళ్లు నమిలి, "అది వీళ్లు రాశారండీ, నాది రెండేళ్లే" అని చెప్పేశాడు. నీతికి కట్టుబడి కాదు. అబద్ధం నోటి దాకా వస్తే ఆయనకు చెవులు ఎర్రబడతాయి, గొంతు కీచుమంటుంది. ఫోన్లోంచి చెవులు కనపడవని తెలిసినా ఆ భయం పోలేదు.

ఆ తర్వాత కన్సల్టెన్సీ వాళ్లు ఆయనకు ఇంటర్వ్యూలు చెప్పడం మానేశారు. మిగతా కుర్రాళ్లు గదుల్లో తలుపులు వేసుకుని, తాము ఎన్నడూ చెయ్యని ప్రాజెక్టుల గురించి గడగడా చెబుతుంటే, పద్మనాభం వంటింట్లో వాళ్లందరికీ టమాట పప్పు చేసేవాడు. ఆ కుర్రాళ్లు మేనేజర్లయ్యారు, డైరెక్టర్లయ్యారు. పద్మనాభం టెస్టర్‌గా కాంట్రాక్టుల వెంట ఊళ్లు తిరిగి తిరిగి ప్లేనో చేరాడు.

అక్కడ మిత్రమండలి ప్రెసిడెంటుగా ఎవరున్నారయ్యా అంటే, ఆ గెస్ట్‌హౌస్‌లో పక్క మంచం జితేందర్. ఇప్పుడొక బ్యాంకులో డైరెక్టరు. పద్మనాభాన్ని చూడగానే ఆయన గట్టిగా కౌగిలించుకుని, "అన్నా, నీ చేతి టమాట పప్పు ఇప్పటికీ మర్చిపోలే" అన్నాడు. మర్నాటికి పద్మనాభం భోజనాల కమిటీలో ఉన్నాడు. ఆ కమిటీలో ఇంకెవరూ లేరు.

పని కష్టమైందేమీ కాదు. అయితే మిత్రమండలి కార్యక్రమం ఏదైనా పద్మనాభం దాన్ని వెనకనుంచే ఎరుగును. స్టేజీ మీద పాట మొదలయ్యేసరికి ఆయన వంగి, వంటలు చల్లారకుండా ట్రేల కింద చిన్న మంటల డబ్బీలు వెలిగిస్తూ ఉంటాడు. చప్పట్లు వినపడితే పాట అయిపోయిందని, జనం వరసలో నిలబడబోతున్నారని అర్థం. ఆయన కూతురు వేద ఆరో ఏటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. మిత్రమండలి స్టేజీ మీద ఆ పిల్ల ఆడిన ఒక్క నాట్యమూ పద్మనాభం మొదలు నుంచి చివరి దాకా చూడలేదు. ఒకసారి సాంబారుతో పాటు హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ఇంకోసారి సగం చూశాడు గానీ, అప్పుడు ఎవరో వచ్చి భుజం తట్టి స్పూన్లు ఎక్కడున్నాయని అడిగారు.

వేద ఇప్పుడు హైస్కూల్ చివరి ఏడాదిలో ఉంది. ఆ వేసవిలో ఒకరోజు కారులో కూర్చుని అడిగింది.

"నాన్నా, దీపావళికి నా సోలో ఉంది. నువ్వు చూస్తావా?"

"చూస్తానమ్మా. వీడియో తీస్తారుగా."

"వీడియోలో ఓన్లీ ముందువాళ్ల హెడ్స్ కనిపిస్తుంది. నెక్స్ట్ ఇయర్ నేను కాలేజ్‌లో ఉంటాను, నాన్నా. ఇది లాస్ట్."

ఆ పిల్ల కోపంగా అన్లేదు. కోపంగా అని ఉంటే పద్మనాభం ఏదో సర్ది చెప్పేవాడు.

ఆయన జితేందర్ దగ్గరికి వెళ్లి, ఈ ఒక్క దీపావళికి భోజనాలు ఇంకెవరికైనా అప్పగించమని అడిగాడు.

"అన్నా, నువ్వు లేకుంటే ఫుడ్ ఎవరు చూస్తరే?" అన్నాడు జితేందర్. ప్రేమగానే అన్నాడు. "నాకు ఇయ్యాలనే ఉంటది. కానీ రూల్ ఉంది గదా. ఎగ్జెంప్షన్ మేజర్ కొట్టినోనికే."

ఆ రూలు పెట్టింది జితేందరే. మిత్రమండలి ఏటా సెప్టెంబరులో పురుషుల గోల్ఫ్ పోటీ పెడుతుంది. దాని పూర్తి పేరు 'మిత్రమండలి మెన్స్ మేజర్ చాంపియన్‌షిప్'. టీవీలో చూపించే పెద్ద పోటీలను మేజర్లంటారు కాబట్టి మనదీ మేజరే అని జితేందర్ తీర్మానించాడు. మహిళల పోటీ అంటూ ఏదీ లేనప్పుడు పురుషుల అని చెప్పడం దేనికని పద్మనాభం భార్య ఉమ ఒకసారి అడిగింది. మహిళలకు అదే రోజు క్లబ్‌హౌస్ వరండాలో ముగ్గుల పోటీ ఉంటుంది. ఇక రూలేమిటంటే, మేజర్ గెలిచినవాడికి ఏడాది పాటు ఏ కమిటీ పనీ ఉండదు. అతని పని ఎవరు చెయ్యాలో అతనే చెప్పొచ్చు, ఆ చెప్పించుకున్నవాడు కాదనకూడదు. దీపావళి తర్వాత హాలు ఊడ్చే పని తన వంతుకు వచ్చిన ఏడు జితేందర్ ఈ రూలు రాశాడు. ఆ ఏడు ఆయనే గెలిచాడు. తర్వాత కూడా ఆయనే గెలుస్తున్నాడు. బంతిని ఎన్ని దెబ్బలు కొట్టారో ఎవరికి వాళ్లే లెక్క చెప్పుకునే పోటీలో ప్రెసిడెంటు ఓడిపోవడం బాగుండదు కదా.

"అయితే నేనూ ఆడతాను" అన్నాడు పద్మనాభం.

జితేందర్ నవ్వి ఆయన వీపు నిమిరాడు. "ఆడన్నా. ఫుడ్ మాత్రం పన్నెండింటికల్లా రావాలె."

పద్మనాభం ఒక ఇంటి గరాజ్ సేల్‌లో పాత గోల్ఫ్ సంచీ కొన్నాడు. అందులో ఉన్న కర్రల్లో ఏది ఎందుకో ఆయనకు తెలియదు. ఏడు అని అంకె ఉన్న కర్ర ఒక్కటే ఆయన మాట విన్నది. దానితో కొడితే బంతి దూరం పోదు, అయితే పక్కకీ పోదు. ఉమ రెండు శనివారాలు వెంట వెళ్లి, నీడలో కుర్చీ వేసుకుని చూసింది.

"ఏవండీ, అల్లం దంచుతున్నారా?" అంది.

"నడుం తిరగట్లేదే."

"పోన్లెండి. మెల్లగా దంచినా నలుగుతుంది."

ఆ ఏడు మేజర్‌కి లోకేష్ అనే ఇళ్ల ఏజెంటు స్పాన్సరుగా వచ్చాడు. బ్యానరు మీద తన ఫొటో బంతి కంటే పెద్దదిగా వేయించుకుని, పోటీ ప్రొఫెషనల్‌గా జరగాలన్నాడు. హ్యాండిక్యాప్ లేని మేజర్ ఎక్కడైనా ఉందా అని అడిగాడు. లేదని అందరూ ఒప్పుకున్నారు.

హ్యాండిక్యాప్ అంటే పెద్ద విషయమేమీ కాదు. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాడే గొప్ప. సరిగా ఆడలేనివాడికి కొన్ని దెబ్బలు మాఫీ చేస్తారు. ఆ మాఫీ అంకె పేరే హ్యాండిక్యాప్. చేతకానితనం ఎంత ఎక్కువైతే అంకె అంత పెద్దది. ఆట అయ్యాక, కొట్టిన దెబ్బల్లోంచి ఎవరి అంకె వాళ్లకు తీసేసి, తక్కువ మిగిలినవాణ్ణి గెలిపిస్తారు. కాబట్టి బుద్ధున్నవాడెవడైనా తన అంకె నిజం చెబుతాడు, లేదా కాస్త పెంచి చెబుతాడు. దొంగలుంటే ఆ వైపే ఉంటారని గోల్ఫ్ కోర్స్ వాళ్లు జాగ్రత్తలు చెప్పారు.

వాళ్లకు మనవాళ్ల సంగతి తెలియదు. ఎవరి హ్యాండిక్యాప్ వాళ్లు మిత్రమండలి వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు. ఆ గ్రూపులో భార్యలున్నారు, వియ్యంకులున్నారు, కింద పనిచేసేవాళ్లున్నారు. ముందుగా జితేందర్ 'తొమ్మిది' అని పెట్టాడు. ప్రెసిడెంటు తొమ్మిదైతే స్పాన్సరు ఎందుకు తగ్గాలని లోకేష్ 'ఎనిమిది' పెట్టాడు. జితేందర్ బ్యాంకులోనే పనిచేసే శ్రీహర్ష అనే కుర్రవాడు కాసేపు ఆలోచించి, బాసును దాటకుండా 'తొమ్మిదిన్నర' పెట్టాడు. వేరే కంపెనీల వాళ్లకు ఆ మొహమాటం లేదు. ఏడు, ఆరు, అయిదు అని దిగుతూ పోయారు. కర్రల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయని ఒకాయన 'మూడు' అన్నాడు. సాయంత్రానికి ప్లేనోలో సగం మంది టీవీలో ఆడాల్సినవాళ్లని తేలింది.

పద్మనాభం కూడా 'పన్నెండు' అని టైపు చేశాడు. కానీ ఉమ ఆ గ్రూపులో ఉంది, పైగా అప్పుడే ఎదురుగా కూర్చుని బెండకాయలు తరుగుతోంది. చెవులు వేడెక్కాయి. పన్నెండు చెరిపేసి 'ముప్పయ్యారు' అని పెట్టాడు.

నవ్వుతున్న బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. "అన్నా, అడిగింది హ్యాండిక్యాప్, ప్యాంటు సైజు కాదు" అని శ్రీహర్ష పెట్టాడు. దానికి జితేందర్ మెచ్చుకోలుగా బొటనవేలి బొమ్మ పెట్టాడు.

పోటీ రోజు పొద్దున్నే ఎండ మొదలైంది. పద్మనాభం ఆడాల్సింది జితేందర్, లోకేష్, శ్రీహర్షలతో. ప్రొఫెషనల్‌గా జరగాలన్నారు గనక ఈసారి దెబ్బలు లెక్కపెట్టడానికి ప్రతి బృందం వెంట కోర్స్ వాళ్లు ఒక మనిషిని ఇచ్చారు. వీళ్ల వెంట వచ్చింది కారల్ అనే పెద్దావిడ. స్కూల్ టీచరుగా పనిచేసి రిటైరయిందట. ఎర్ర టోపీ పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నడుస్తోంది.

మొదటి దెబ్బకే జితేందర్ బంతి చెట్లలోకి పోయింది. "అది ప్రాక్టీస్" అని ఆయన జేబులోంచి ఇంకో బంతి తీశాడు. అది ప్రాక్టీస్ కాదని కారల్ చెప్పింది. జితేందర్ ఆవిడ వైపు, చెట్ల వైపు, శ్రీహర్ష వైపు చూశాడు. శ్రీహర్ష షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఆట అలాగే నడిచింది. జితేందర్ బలంగా కొట్టేవాడు. లోకేష్ ఫోన్లో ఎవరికో నాలుగు బెడ్‌రూముల ఇల్లు అమ్ముతూ, మధ్యలో ఒక్క చేత్తో కొట్టేవాడు. బంతులు ఇసుకలో పడ్డాయి, కాలువలో పడ్డాయి, ఒకటి ఎవరి పెరట్లోనో పడి కుక్క మొరిగింది. ప్రతి దెబ్బ తర్వాత ఎవరో ఒకరు గాలిని తిట్టేవారు. పద్మనాభం మాత్రం ఏడో నంబరు కర్రతో కాస్త కొట్టడం, కాస్త నడవడం, మళ్లీ కాస్త కొట్టడం. ఆయన్ను ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకదేం కొత్త కాదు.

ఇంకా మూడు గుంటలున్నాయనగా పద్మనాభం ఫోన్ మోగింది. ఇర్వింగ్ హోటలు నుంచి వచ్చిన వ్యాన్ డ్రైవరు.

"అంకుల్, గేటు దగ్గరున్నా. బిర్యానీ ఎక్కడ దించాలి?"

"పో అన్నా, చూసుకో" అన్నాడు జితేందర్, తన బంతి వెతుక్కుంటూ. "నీ ఆట ఎట్లైనా లాస్టే గదా."

పద్మనాభం కర్ర సంచీలో పెట్టేశాడు. అలవాటు కొద్దీ రెండడుగులు వేశాడు కూడా. అప్పుడు శ్రీహర్ష, ఇంతసేపూ నోట్లో ఏదో లెక్క వేసుకుంటున్నవాడు, జితేందర్ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు. ఆరుబయట గొంతు తగ్గించినా వినపడుతుందని ఆ కుర్రవాడికి తెలియదు.

"సార్, అన్న హండ్రెడ్ దాటినా, థర్టీ సిక్స్ తీసేస్తే మనకంటే చాలా కింద ఉంటారు. మనకి తీసేది తొమ్మిదే."

జితేందర్ బంతి వెతకడం ఆపేశాడు. తర్వాత వచ్చి పద్మనాభం భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, జల్దీ పో. మటన్ ఎండల ఉన్నది. పిల్లలు, పెద్దోళ్లు తినేది. ఎవరికన్నా వాంతులైతే జిమ్మేదారి ఎవరిది చెప్పు?"

"పోయి దించి మళ్లీ రావచ్చా?" పద్మనాభం కారల్‌ను అడిగాడు.

ఆట మధ్యలో వదిలి వెళ్తే పోటీలోంచి పోయినట్టేనని కారల్ చెప్పింది. చెప్పి, తన ఎర్ర టోపీ సర్దుకుంది.

పద్మనాభం గేటు వైపు చూశాడు. తెల్ల వ్యాన్ కనపడుతోంది. ఇన్నేళ్లలో ఆయన వ్యాన్‌ను ఎన్నడూ ఆగనివ్వలేదు. నిజంగా మటన్ పాడైతే? జనం తిడితే? తిడతారు, అందులో సందేహం లేదు. వంకాయ కూరలో ఉప్పు తక్కువైనందుకే ఒకాయన ఏడాది పాటు పలకరించలేదు.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. "అంకుల్?" అంటున్నాడు డ్రైవరు.

"బాబూ, వ్యాన్ నీడలో పెట్టు. ఏసీ ఆపకు" అన్నాడు పద్మనాభం. "నాకింకా మూడు గుంటలున్నాయి. వస్తా."

ఏడో నంబరు కర్ర మళ్లీ బయటికి తీశాడు.

చివరి గుంటకు ముందు ఒక చెరువుంది. బంతిని నీళ్ల మీదుగా కొడితే దగ్గర, ఒడ్డు చుట్టూ తిరిగితే చాలా దూరం. జితేందర్, శ్రీహర్ష ఇద్దరూ ఇప్పుడు పద్మనాభం ఆట మీద చాలా శ్రద్ధ పెట్టారు.

"అన్నా, మీద నుంచి కొట్టు. మగోని లెక్క కొట్టు" అన్నాడు జితేందర్.

"అవునన్నా, మీకు ముప్పయ్యారు ఉన్నాయిగా. ఒకటి పోతే ఏంటి?" అన్నాడు శ్రీహర్ష.

"నాకు నీళ్లంటే భయమండీ" అని పద్మనాభం ఒడ్డు పట్టుకుని బయల్దేరాడు. కొట్టాడు, నడిచాడు. కొట్టాడు, నడిచాడు. ఆయన చుట్టూ తిరిగి వచ్చేలోపు జితేందర్ మగవాడిలాగే చెరువులోకి రెండు బంతులు కొట్టాడు. పద్మనాభం చివరి దెబ్బకు బంతి గుంట అంచున ఆగి, తొంగిచూసి, లోపల పడింది. చప్పట్లు కొట్టింది కారల్ ఒక్కతే. పద్మనాభం ఆ చప్పట్లకు ఆగలేదు. కర్ర చేతిలోనే పట్టుకుని వ్యాన్ వైపు పరిగెత్తాడు.

భోజనాలు ఆలస్యమయ్యాయి. బిర్యానీ పాడవలేదు గానీ రైతా వేడెక్కింది. ముగ్గుల పోటీకి వచ్చిన ఆడవాళ్లు ఆకలితో పద్మనాభాన్ని చూసిన చూపు ఉమ కూడా తట్టుకోలేక తల తిప్పుకుంది. ఆయన ట్రేలు దించుతుండగానే కారల్ మైకు ముందుకు వచ్చి ఫలితాలు చదివింది. పద్మనాభం పేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, చివరికి ఆయన వైపు వేలు చూపించింది. ఆయన కొట్టినవి నూటాయిదు, ముప్పయ్యారు మినహాయిస్తే మిగిలినవి అరవై తొమ్మిది. రెండో స్థానం జితేందర్‌ది. కొట్టినవి తొంభై నాలుగు, మిగిలినవి ఎనభై అయిదు. 'మూడు' అని పెట్టిన ప్లాస్టిక్ కవరాయన సంగతి కారల్ దయతలచి చదవలేదు.

వరండాలో గుసగుస మొదలైంది. నూటాయిదు కొట్టినవాడు తొంభై నాలుగు కొట్టినవాణ్ణి ఎలా గెలుస్తాడని ఎవరో అడిగారు. జితేందర్ మైకు అందుకున్నాడు.

"చిన్న కన్ఫ్యూజన్ అయింది, ఫ్రెండ్స్. హ్యాండిక్యాప్‌లు మనం జర తొందరల ఇచ్చినం. అప్‌డేట్ చేసి మళ్లీ లెక్క చూస్తే సరిపోతది."

విషయం కారల్‌కు ఇంగ్లీషులో చెప్పారు. దానికేం అభ్యంతరం లేదంది ఆవిడ. పెన్ను తీసి, మరి మీ అసలు హ్యాండిక్యాప్ ఎంతో చెప్పండి, అని జితేందర్‌ను అడిగింది. క్లాసులో పిల్లవాణ్ణి అడిగినట్టే, కోపం లేకుండా అడిగింది.

జితేందర్ భార్య అంకిత ముగ్గు పిండి చేతులతో లేచి నిలబడింది.

"చెప్పు. నాకూ తెలుసుకోవాలని ఉంది" అంది. "ప్రతి సండే పొద్దున్నే పోయి ప్రాక్టీస్ చేసేది ఎంతకి?"

బ్యాంకులో జితేందర్ కింద పనిచేసేవాళ్లు ఆ వరండాలో నలుగురున్నారు. ఆయన తొమ్మిది సంగతి ఆఫీసులో పై అధికారికి కూడా తెలుసని శ్రీహర్షే ఒకసారి చెప్పాడు. జితేందర్ బల్ల మీద ఉన్న గెలుపు కప్పు వైపు చూశాడు. జనం వైపు చూశాడు. నిజం చెబితే కప్పు మీద ఆశ ఉంది, చెప్పకపోతే తొమ్మిది మిగులుతుంది.

"తొమ్మిదే" అన్నాడు.

మిగతా మగవాళ్లలో కూడా తమ అంకెలు మార్చుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ప్లాస్టిక్ కవరాయన అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

కప్పు ఇచ్చాక పద్మనాభం మాట్లాడాలన్నారు. ఆయన ట్రేల వైపు చూశాడు. అప్పుడు లోకేష్, ఫొటోలకు టైమవుతోందని, చాంపియన్ తన పని ఎవరికిస్తాడో చెప్పేస్తే అయిపోతుందన్నాడు. వరండాలో మగవాళ్లందరికీ ఒక్కసారిగా ఫోన్లు వచ్చాయి. కొందరు కార్లు లాక్ చేశామో లేదో చూడ్డానికి బయల్దేరారు.

పద్మనాభం చేతిలో ఒకవైపు కప్పు, ఇంకోవైపు గరిటె ఉన్నాయి. ఎవరి మీదా ఆయనకు కక్ష లేదు. నిజంగానే ఎవరికి చేతనవుతుందా అని ఆలోచించాడు.

"జితేందర్ గారికి" అన్నాడు. "న్యూజెర్సీ నుంచీ నా పని దగ్గరుండి చూసింది ఆయనొక్కరే."

చెవులు ఎర్రబడలేదు. ఉమ అది గమనించింది.

దీపావళి కార్యక్రమం ఎప్పటిలా హైస్కూల్ ఆడిటోరియంలో జరిగింది. పద్మనాభం మూడో వరసలో కూర్చున్నాడు. ఆ కుర్చీలు అంత మెత్తగా ఉంటాయని ఆయనకు తెలియదు. ప్రెసిడెంటు ఉపన్యాసం మొదటిసారి పూర్తిగా విన్నాడు. ఇన్నేళ్లూ తను పోగొట్టుకున్నవన్నీ నష్టాలే కావని అర్థమైంది. ఉపన్యాసం ముగించి జితేందర్ వెనక తలుపు వైపు గబగబా వెళ్లిపోయాడు.

వేద వచ్చింది. లైట్లు తగ్గాయి. ఆ పిల్ల మొదటి అడుగు వేసింది. ఇంట్లో తలుపులకు తగులుతూ, అద్దం ముందు గొణుక్కుంటూ తిరిగే పిల్ల ఇదేనా అనిపించింది. చేతులు ఇంత పొడుగ్గా ఎప్పుడయ్యాయి? వెనకనుంచి ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడు వినపడింది. ఆయన ఒళ్లు దానంతటదే లేవబోయింది. ఉమ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయన తిరిగి చూడలేదు.

నాట్యం సగానికి వచ్చేసరికి నడవలో ఎవరో వంగి వంగి వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. పట్టు కుర్తా మీద పప్పు మరక. చేతిలో మంటల డబ్బీ.

"అన్నా" అన్నాడు జితేందర్ రొప్పుతూ. "ఇది అంటుకుంటలేదే. ఎట్ల ముట్టియ్యాలె? జనం లేస్తున్నరు."

స్టేజీ మీద వేద అప్పుడే ఇటు తిరిగింది. చీకట్లో మూడో వరసను వెతుకుతోంది.

"జితేందర్ గారూ, కొంచెం వంగండి" అన్నాడు పద్మనాభం. "అమ్మాయి కనపడట్లేదు."